జరిపిన ఫోటో

ఉపగ్రహం ఫోటోను మౌసుతో పట్టి ఇటూ అటూ జరిపేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఆ ఫోటో భూమ్మీద ఎక్కడ కూర్చోవాలో ముందే నిర్ణయమై ఉంటుంది. దాన్ని అక్కడ కూర్చోబెట్టడమే మన పని. నచ్చలేదని పక్కకు నెట్టడానికి అదేమైనా సోఫానా? నేనిలా అన్నప్పుడల్లా మా నాయన కేశవమూర్తి, నాకు ఫోటోల పిచ్చి పట్టిందని అంగడికి వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేవాడు. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు.

హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్టుకు పోయే దారిలో మాది మొదట అమ్మోనియా ప్రింట్ల అంగడి. ఇంటి ప్లాన్లు పట్టుకొచ్చి నీలి ప్రింట్లు తీయించుకునేవాళ్లు. ఆ ఘాటుకు నా చిన్నతనమంతా కళ్లు తుడుచుకోవడంతోనే సరిపోయింది. నేను పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి వచ్చాక నాయన రెండు కంప్యూటర్లు, పెద్ద షీట్లు ప్రింటు తీసే ప్లాటరు ఒకటి కొని, 'క్యాడ్ డ్రాయింగులు వేయబడును' అని బోర్డు రాయించాడు. డ్రాయింగులు వేసేది నేను. నవ్వుతూ పార్టీలను పట్టేది ఆయన. వ్యాపారం ఆయన ఒంట్లో ఉంది. నా ఒంట్లో కోపం ఉంది.

2006లో మాకు కాలువ పని వచ్చింది. పెనుకొండ అవతలి పల్లెల మీదుగా కొత్త కాలువ తవ్వుతున్నారు. దానికింద ఎవరి పొలం ఎంత పోతుంది, ఆ మేరలో ఇళ్లు, బోర్లు, చెట్లు ఏమేం ఉన్నాయి, ఇవన్నీ చూపించే షీట్లు కావాలి. పని పట్టింది ఒక కన్సల్టెన్సీ. ధర్మవరంలో వాళ్ల క్యాంపాఫీసు ఉండేది. అక్కడి ఇంజనీరు రాజశేఖర్ వారానికోసారి మోటారుసైకిలు మీద వచ్చి సీడీలు ఇచ్చి, గీసినవి పట్టుకుపోయేవాడు.

ఒక్కో షీటులో మూడు పొరలు. అడుగున ఫోటో. దాని మీద పొలాల హద్దులతో గ్రామపటం. అన్నిటికీ పైన కాలువ మేర చూపే రెండు ఎర్రగీతలు. మూడూ భూమ్మీది ఒకే కొలతకు కూర్చుంటేనే ఆ ఎర్రగీతల మధ్య నిజంగా ఏముందో తెలుస్తుంది. ఫోటోతో పాటు సీడీలో ఒక చిన్న ఫైలు వచ్చేది. ఆరు వరుసల అంకెలు, అంతే. ఫోటోలో ఒక చుక్క నేల మీద ఎంత వెడల్పో, ఫోటో పై మూల ఎక్కడ ఆనాలో అందులో ఉంటుంది. మా క్యాడ్ దాన్ని తనంతట తాను చదవదు. పైగా అది ఫోటోను కింది మూల పట్టుకుని దించుతుంది. పై మూల లెక్కను కింది మూలకు మార్చుకుని, అంకెలు మనమే టైపు చెయ్యాలి. చాలామందికి ఇది విసుగు. ఫోటోను ఎక్కడో ఒకచోట పడేసి, తర్వాత కంటికి బాగున్నదాకా లాగి సర్దుతారు.

రాళ్లగుంటపల్లి షీటును నేను లెక్క కట్టే కూర్చోబెట్టాను. గ్రామపటాన్ని సరిహద్దు రాళ్ల కొలతలతో, ఫోటోను దాని అంకెలతో. రైలు కట్ట మీద కట్ట పడింది. గుట్ట అంచు మీద అంచు పడింది. పొలం గట్లు కూడా అతికినట్టు సరిపోయాయి. ఒక్క రోడ్డే పడలేదు. గ్రామపటంలో బండిదారి ఒకచోట ఉంటే, ఫోటోలో తారురోడ్డు దానికి పడమరగా ఇరవై మీటర్ల అవతల, ఎవరిదో పట్టా పొలం మధ్యలో నుంచి పోతోంది. మిగతావన్నీ సరిపోయి ఒక్కటే పోలేదంటే తప్పు ఫోటోలో లేదు, రోడ్డే ఎప్పుడో జరిగి ఉంటుంది. ఇది అర్థం కావడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు.

రాజశేఖర్ వచ్చి చూసి, నన్ను కుర్చీలోంచి లేవమన్నాడు. తాను కూర్చుని ఫోటోను పట్టుకుని, దాని రోడ్డు పటం మీది దారిలో పడేదాకా తూర్పుకు జరిపాడు.

"చెకింగులో ఫస్టు చూసేది రోడ్డు, రూపా. రోడ్డు మీద రోడ్డు పడకుంటే షీటు మొగాన కొడ్తారు" అన్నాడు.

రైలు కట్ట తప్పిపోయిందని నేను తెర మీద వేలుపెట్టి చూపించాను. కాలువకూ కట్టకూ సంబంధం ఏముందన్నాడు. ఆ మూల కనపడకుండా ఫోటోను అంచులో కత్తిరించేశాడు. తప్పు కనిపిస్తే తప్పును దిద్దరు, కనిపించే చోటును కోసేస్తారు.

ఆయనకు తెలియక చేశాడా అంటే కాదు. ఆ ఆరు అంకెల సంగతి నాకు మొదట నేర్పింది ఆయనే. మా అంగట్లోనే కూర్చుని, కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. అందుకే నాకు అంత మండింది. తెలియనివాడి మీద కోపం కాసేపు ఉండి పోతుంది. తెలిసి చేసేవాడి మీద కోపం అన్నం తినేటప్పుడు కూడా పోదు. ఇట్లా జరిపితే ఇళ్లూ చెట్లూ అన్నీ జరుగుతాయి కదా సార్ అని నేను గొంతు పెంచేసరికి నాయన గల్లా దగ్గర నుంచి లేచి వచ్చాడు. సార్‌కు తెలియదా, నువ్వు కాఫీ చెప్పిరాపో అన్నాడు. నేను కాఫీ చెప్పలేదు. ఎలాగూ నాయనే చెప్పాడు. షీటు మీద 'గీసినవారు' అన్న చోట నా పేరు తీసేశాను. అక్కడ మా అంగడి ముద్ర పడింది. షీటు వెళ్లిపోయింది, పాసు కూడా అయింది.

వానలు పోయాక ఒకరోజు ఇద్దరు మా మెట్ల మీద వచ్చి కూర్చున్నారు. ఒకామె యాభై దాటిన మనిషి, ఎల్లమ్మ. ఆమె వెంట తిమ్మప్ప అని ఒక ముసలాయన. రాళ్లగుంటపల్లి నుంచి పెనుకొండకు ఆటోలో, అక్కడి నుంచి హిందూపురానికి బస్సులో వచ్చారట. ఎల్లమ్మ చేతిలో మా షీటు జెరాక్సు ఉంది. దాని మీద ముద్రలో మా అంగడి పేరు ఎవరితోనో చదివించుకుని వెతుక్కుంటూ వచ్చింది.

"ఈ ఫోటువ పట్టింది మీరేనంట. నా ఇంటిని రెండు ఎట్ల చేసినారు?" అంది.

నాకు మొదట అర్థం కాలేదు. తిమ్మప్ప నిదానంగా చెప్పుకొచ్చాడు. కాలువవాళ్లు వచ్చి హద్దురాళ్లు పాతారు. ఒక రాయి సరిగ్గా ఎల్లమ్మ వంటింట్లో, పొయ్యి పక్కన పడింది. ఇల్లు పోతుందని ఆమె అర్జీ పెట్టుకుంటే, ఆఫీసువాళ్లు షీటు తీసి చూశారు. షీటులో ఎర్రగీతల మధ్య ఇల్లే లేదు. ఇల్లు కాలువకు తూర్పున, మేరకు బయట కనిపిస్తోంది. అయితే నీ ఇల్లు బయటే ఉంది కదా, దానికేం కాదు పో అన్నారు. మరి రాయి పడిన ఇల్లు ఎవరిదని ఆమె అడిగింది. అది ఫోటో తీశాక కట్టిన కొత్త ఇల్లు, పరిహారం కోసం దొంగగా లేపింది అన్నారు. కాలువ వస్తోందని తెలిసి రాత్రికి రాత్రి రేకుల షెడ్లు లేపినవాళ్లు చుట్టుపక్కల ఊళ్లలో కొందరు ఉన్నారు మరి. వాళ్ల లెక్కలో ఈమెనూ కలిపేశారు. పొయ్యి మసితో గోడ సగం నల్లబడిన ఇల్లు వాళ్ల కంటికి కొత్త ఇల్లు. పరిహారం లేదు, బదులు ఇంటి స్థలమూ లేదు.

"నేను యాడుండానో నాకు తెలీదా? నా మొగుడు సచ్చింది ఆ ఇంట్లోనే. కొత్తదంటే ఆయప్ప యాడ సచ్చినట్ల?" అంది ఎల్లమ్మ. ఆమె ఏడవలేదు. ఆమె కోపం చూస్తే నా కోపం ఏపాటిదా అనిపించింది.

నేను రోడ్డు సంగతి అడిగాను. తిమ్మప్ప నవ్వాడు. పటంలో ఉన్న బండిదారి వంక నీళ్లకు కోసుకుపోయి ఎన్నడో పాడైందట. తర్వాత వరసగా కరువులు. పక్కనే ఉన్న ఆయన చేను బీడు పడింది. పంట లేని చేనికి అడ్డం ఎవరు చెప్తారు? ఊరి బండ్లన్నీ దానిలోంచే పోయాయి. వానలు వచ్చి, దున్నడానికి మడక కట్టుకుని పోయేసరికి చేను నడుమ నేల రాయిలాగా గట్టిపడి ఉంది. ఊరందరూ నడిచే దావకు అడ్డం ముళ్లకంప ఎట్ల కొట్టేదని ఊరుకున్నాడు. తర్వాత దాని మీదనే తారు పోశారు. ఆయనను అడిగిన నాథుడు లేడు. పట్టా ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది.

అంటే ఈయన చేను మీద రోడ్డు పోసి, దాన్ని దాచడానికి ఈమె ఇంటిని పక్కకు తోశారు. నా అరికాలి మంట నెత్తికెక్కింది. ఇల్లు పాతదే, ఫోటోను జరిపారు, వెనక్కి జరిపితే ఇల్లు ఎర్రగీతల మధ్యకే వస్తుంది అని చెప్పాను.

"జరిపినోళ్లు మీరే కదా పాపా. మళ్లా జరపండి" అంది ఎల్లమ్మ, అదేదో మంచం జరిపినంత సులువుగా. నిజానికి అంతకంటే సులువే. ఒక కమాండు కొడితే సరి. కానీ పాసైన షీటును మార్చాలంటే రాజశేఖర్ ఒప్పుకోవాలి. ఫోన్ చేస్తే, అయిపోయిన పెళ్లికి మేళమెందుకని పెట్టేశాడు.

విచారణ పెనుకొండలో. భూసేకరణ వాళ్లు ఒక కల్యాణమండపాన్ని అద్దెకు తీసుకుని ఊరి తర్వాత ఊరిని పిలుస్తున్నారు. రాళ్లగుంటపల్లి వంతు వచ్చిన రోజు పొద్దున్నే నేను కంప్యూటరు వైర్లు పీకాను. కాగితం ప్రింటు తీసుకుపోతే అది దొంగ ప్రింటంటారు, వాళ్ల కళ్ల ముందే జరిపి చూపిస్తాను అన్నాను. నాయన తల కొట్టుకున్నాడు. ధర్మవరం పని పోతే ప్లాటరుకు కట్టే కంతులు నీ మొగుడొచ్చి కడతాడా అన్నాడు. నాకు మొగుడు లేడన్న సంగతి ఆయనకు గుర్తుచేశాను. అమ్మ అన్నపూర్ణమ్మ లోపల నుంచి, అరవకండి, అంగట్లో మనుషులున్నారంది.

నేను సీపీయూ ఎత్తుకుని రోడ్డు మీదికి వచ్చేసరికి, వెనక నుంచి నాయన ఆ బండరాయిలాంటి మానిటరును పొట్టకు ఆనించుకుని వస్తున్నాడు.

"అది నువ్వు మొయ్యలేవు" అన్నాడు. పెనుకొండదాకా బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాడు.

మండపంలో పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కూర్చునే చోట అధికారి బల్ల వేసుకుని ఉన్నాడు. పక్కన రాజశేఖర్. నన్ను చూసి మొహం ముడుచుకున్నాడు. కింద ప్లాస్టిక్ కుర్చీల్లో ఊరంతా ఉంది. ఎల్లమ్మ పేరు పిలవగానే నేను సీపీయూతో మెట్లెక్కాను. ఎవరమ్మా నువ్వు అన్నాడు అధికారి. షీటు మీద ఉన్న ముద్ర మాదే, ఆ షీటు తప్పు అన్నాను. గొంతు నేను అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. ఆయన మంచివాడో, ఆ ముద్ర మాట విని భయపడ్డాడో, చూపించమన్నాడు.

ఫోటోను దాని అంకెల ప్రకారం వెనక్కి పెట్టాను. కత్తిరించిన మూలను తెరిచాను. రైలు కట్ట కట్ట మీద పడింది. ఎల్లమ్మ ఇల్లు వచ్చి ఎర్రగీతల మధ్య కూర్చుంది. అదే జరుపులో పడమటి వైపున కదిరప్ప అనే ఆయన పశువుల కొట్టం గీతల బయటికి పోయింది. జరిపిన షీటు పుణ్యాన ఆ కొట్టానికి పరిహారం రాసి ఉన్నారు, కొట్టం పోయేదేమీ లేకపోయినా. కదిరప్ప లేచి నిలబడ్డాడు.

"మిషన్లో ఏమన్నా సూపిస్తారు సార్. ఆయమ్మ ఇల్లు కొత్తదే" అన్నాడు.

నేను ఊరి వైపు తిరిగి, చెప్పండి, ఆ ఇల్లు కొత్తదా అని అడిగాను. ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ ఇంట్లో నీళ్లు తాగనివాళ్లు ఆ కుర్చీల్లో ఎవరూ ఉండరు. షీటు మారితే అందరి కాగితాలూ మళ్లీ మొదటికి వస్తాయని, చెక్కులు ఇంకో ఏడాది రావని ఎవరో ముందే ఊదిపెట్టారు. అందరూ తమ కాళ్లు చూసుకుంటున్నారు. రాజశేఖర్ మీద కోపం ఒక వంతైతే, ఆ వంచిన తలల మీద నాకు పది వంతుల కోపం వచ్చింది. ఎల్లమ్మ మాత్రం వాళ్లను ఒక్కొక్కరినీ మొహం మొహం చూస్తూ నిలబడింది.

అధికారి తెరను చాలాసేపు చూశాడు. ఆయనకు ఇల్లు అర్థమైంది. దానితో పాటు రోడ్డూ అర్థమైంది.

"ఇలా పెడితే ప్రభుత్వం రోడ్డు పట్టా భూమిలో ఉన్నట్టు వస్తోంది. దీని మీద నేను సంతకం పెట్టలేను" అన్నాడు.

ఉన్నది అక్కడే కదా సార్ అన్నాను. ఉంటే ఉండనీ, రాతలో రాకూడదు అన్నట్టు చేయి ఊపాడు. మా షీటులో రోడ్డు మీద రోడ్డు ఉంది సార్, అదే ఉంచుదాం అన్నాడు రాజశేఖర్. గుమాస్తా తర్వాతి పేరు పిలవడానికి కాగితం తిప్పాడు.

అప్పుడు తిమ్మప్ప లేచి, పంచె సర్దుకుంటూ మెట్లెక్కాడు.

"దావ పడింది నా చేన్లో, సార్. నేను ఇచ్చేస్తాండా. నాకేమీ వద్దని రాసుకోండి, ఏలిముద్ర ఏస్తా. ఆయమ్మ ఇల్లు పాతదని రాయండి."

నాకు పట్టరాని కోపం వచ్చింది, ఆయన మీదనే. ఎందుకిస్తావు తాతా, అది నీ భూమి, వీళ్లే నీకు ఇవ్వాల్సింది, నిజం రాయించుకోవడానికి నువ్వు చేను ఇచ్చుకోవాల్నా అని అరిచాను. అధికారి నన్ను ఆపలేదు. ఆయనకు కావలసింది దొరికింది. అప్పటికే గుమాస్తా తెల్లకాగితం తీస్తున్నాడు.

"దాంట్లో ఇంక మడక దిగదు పాపా" అన్నాడు తిమ్మప్ప. "ఆ ఇంటి గోడలు నేనూ ఆయమ్మ మొగుడూ కలిసి పెట్టినాము. కొత్తదంటాంటే నేనెట్ల కూసోని ఇందును?"

కదిరప్ప మండపం దిగి వెళ్లిపోయాడు. గుమాస్తా రాసి చదివాడు. తిమ్మప్ప వేలికి సిరా పూశారు. ఎల్లమ్మ, వద్దు తిమ్మప్పన్నా అని ఒకసారి అంది. ఆయన వినలేదు. ఆ తర్వాత అధికారి ఫైలులో ఆమె ఇంటిని పాత ఇల్లుగా, కాలువ మేరలో ఉన్నదిగా చేర్చాడు. బదులు స్థలానికి ఆమె పేరు రాశాడు. అంతసేపూ పుట్టని నిజం, వేలిముద్ర పడగానే అందరికీ ఎంత తేలికగా పుట్టిందో.

ఇక షీటు సరిచెయ్యమని నాకు చెప్పారు. పటంలోని పాత బండిదారిని తీసెయ్యాలి. తిమ్మప్ప పొలాన్ని రోడ్డుకు అటూ ఇటూ రెండు ముక్కలు చెయ్యాలి. మధ్యలో ప్రభుత్వం రోడ్డు అని రాయాలి. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. నేను గీయను, ఎవరితో గీయించుకుంటారో గీయించుకోండి అన్నాను. నేను చేస్తానమ్మా అని రాజశేఖర్ మెత్తగా అంటూ ముందుకు వచ్చాడు. నాయన అడ్డం నిలబడి, నా వైపు తిరిగాడు.

"గీయి రూపా. ఆయన జరిపితే మళ్లా ఏది యాడికి పోతాదో" అన్నాడు.

గీశాను. రోడ్డుకు రెండు పక్కలా కొత్త హద్దులు వేశాను. ఇక తిమ్మప్ప పొలం పాత గట్టు గీత మిగిలింది, రోడ్డుకు అడ్డంగా పోయే ముక్క. దాన్ని ఎంచుకున్నాను. గీత చుక్కలు చుక్కలుగా మారింది. తిమ్మప్ప నా కుర్చీ వెనక్కి వచ్చి, వంగి తెర చూస్తున్నాడు. సిరా అంటిన వేలును పంచెకు తగలకుండా దూరంగా పట్టుకున్నాడు.

నేను డిలీట్ నొక్కాను.

"ఇంతేనా పాపా?" అన్నాడు.

"ఇంతే తాతా" అన్నాను. రాజశేఖర్ నా భుజం మీదుగా తొంగిచూసి, ఇప్పుడు రోడ్డు మీద రోడ్డు పడింది చూడు అన్నాడు.